ముప్పై టన్నులూ అర గ్రామూ

ఉపమాలంకారం పాఠం చెప్పే గురువు మొదట అడిగే ప్రశ్న ఒకటే: సాధారణ ధర్మం ఏది? పోల్చిన రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణం చూపించలేకపోతే ఆ పోలిక ఎంత అందంగా ఉన్నా నిలవదు. ఈ పుస్తకం బూడిద తిమింగలాన్నీ, మోనార్క్ సీతాకోకచిలుకనూ పక్కపక్కన నిలబెడుతుంది. ఒకటి పిల్లకు పాలిచ్చే క్షీరదం, మరొకటి ఆకు మీద గుడ్డు పెట్టి ఎగిరిపోయే కీటకం. ఒకటి సముద్రం అడుగున ఒక పక్కకు ఒరిగి, బురదను నోటితో పీల్చి, జల్లించి, అందులోని యాంఫిపాడ్లనే చిన్న ప్రాణులను తింటుంది. మరొకటి పూలతేనె తాగి బతుకుతుంది. ఎదిగిన తిమింగలం ముప్పై టన్నులు తూగుతుంది, సీతాకోకచిలుక అర గ్రాము. ఒక్క తిమింగలానికి సరితూగాలంటే ఆరు కోట్ల సీతాకోకచిలుకలు కావాలి. ఇంత ఎడం ఉన్న రెండు ప్రాణులకు సాధారణ ధర్మం ఏమిటా అనుకుంటూనే నేను రాతప్రతి తెరిచాను. చివరి పుట మూసేసరికి జవాబు స్పష్టంగా దొరికింది. ఆ జవాబు ఈ కాలానికి చాలా అవసరమైనది కాబట్టి ఈ నాలుగు మాటలు సంతోషంగా రాస్తున్నాను.

రచయిత్రి నా దగ్గర జంతుశాస్త్రం చదువుకున్న అమ్మాయి. పాఠంలో ఒక అంకె కనబడితే అది ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు అని అడిగే అలవాటు ఆమెకు అప్పుడే ఉండేది. ఆ అలవాటే ఈ పుస్తకానికి వెన్నెముక అయింది. తిమింగలాల గురించీ, సీతాకోకచిలుకల గురించీ రాయడానికి కూర్చున్నవాళ్ళు ఆశ్చర్యం దగ్గరే ఆగిపోతుంటారు. ఈమె ఆశ్చర్యపడుతూనే కారణం వెతుకుతుంది. కారణం దొరికాక, దానివల్ల మన మీద పడే బాధ్యత ఏమిటో చెబుతుంది. శాస్త్ర రచనకు ఇంతకంటే మంచి క్రమం నాకు తెలియదు.

మొదటి భాగం రెండు ప్రయాణాల కథ. తూర్పు పసిఫిక్ బూడిద తిమింగలాలు వేసవిలో అలాస్కా ఆవల బేరింగ్, చుక్చీ సముద్రాల్లో మేస్తాయి. చలి ముదిరే వేళకు బయలుదేరి, ఉత్తర అమెరికా పడమటి తీరం వెంబడే దిగి, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం చేరతాయి. అక్కడి ఓహో దె లియేబ్రె, సాన్ ఇగ్నాసియో మడుగులు, మాగ్దలేనా అఖాతం వాటి పురిటిళ్ళు. రానూ పోనూ పదహారు వేల నుంచి ఇరవై వేల కిలోమీటర్ల దారి. మోనార్క్‌లు కెనడా దక్షిణ ప్రాంతం నుంచీ, అమెరికా ఉత్తర రాష్ట్రాల నుంచీ బయలుదేరతాయి. మెక్సికో నడుమ, మిచోఆకాన్ ప్రాంతపు కొండల్లో, సముద్రమట్టానికి సుమారు మూడు వేల మీటర్ల ఎత్తున ఉన్న ఓయామెల్ ఫర్ అడవులకు చేరతాయి. కొన్నింటి ప్రయాణం నాలుగు వేల కిలోమీటర్లు దాటుతుంది. అవి వచ్చేది నవంబరు మొదట్లో, అక్కడివాళ్ళు తమ పితృదేవతలను తలచుకునే పండుగ రోజుల్లో. పోయిన పెద్దలే ఈ రూపంలో ఇంటికి వస్తున్నారని ఆ కొండల్లోని మసావా జనం నమ్మిక.

ఇక్కడే రచయిత్రి చూపు ఎంత నిశితమో తెలుస్తుంది. రెండూ మెక్సికోకే వెళ్తాయి, కానీ కారణాలు తలకిందులు. తిమింగలం వెళ్ళేది వెచ్చదనం కోసం. అప్పుడే పుట్టిన పిల్లకు ఒంటి మీద కొవ్వు పలచన, మంచుసముద్రపు చలికి అది ఆగలేదు. లోతు తక్కువగా, అలల తాకిడి లేకుండా ఉండే మడుగులో తల్లి దాన్ని సాకుతుంది. పిల్లలను వేటాడే ఆర్కాల బెడద కూడా అక్కడ తక్కువ. సీతాకోకచిలుక వెళ్ళేది చల్లదనం కోసం. శీతకాలమంతా అది శరదృతువులో పూలతేనె తాగి కూడబెట్టుకున్న కొవ్వు మీదే గడపాలి. ఎండ ఎక్కువైతే ఒళ్ళు చురుకెక్కి ఆ కొవ్వు ముందే ఖర్చయిపోతుంది. అలాగని చలి మరీ ముదిరితే చచ్చిపోతుంది, రెక్కలు తడిస్తే ఇంకా త్వరగా. కాబట్టి ఎక్కువా తక్కువా కాని ఒకే ఒక మోతాదు చలి దానికి కావాలి. ఆ మోతాదును కాపాడేది దట్టమైన అడవి. సీతాకోకచిలుకలకు ఆ అడవి దుప్పటీ గొడుగూ రెండూ అవుతుందని జీవశాస్త్రవేత్త లింకన్ బ్రోవర్ చెప్పిన మాటను రచయిత్రి సరైన చోట గుర్తుచేసింది. 2002 జనవరిలో వానకు తడిసి, ఆ వెంటనే వచ్చిన చలికి గడ్డకట్టి కోట్ల సంఖ్యలో మోనార్క్‌లు నేలరాలిన సంగతి చదివితే, కొట్టేసిన ఒక్కొక్క చెట్టు విలువ ఎంతో బోధపడుతుంది.

తిమింగలానిదీ కూడబెట్టుకున్న బతుకే. ఉత్తరాన వేసవి నెలల్లో తిన్నదే దాదాపు మిగతా ఏడాదంతటికీ ఆధారం. ప్రయాణంలోనూ మడుగుల్లోనూ అది తినేది చాలా కొద్ది. ఆ కొవ్వు కరిగించుకుంటూనే తల్లి పిల్లకు చిక్కటి పాలు ఇస్తుంది. ఒకచోట సంపాదించి, ఇంకొకచోట ఖర్చుపెట్టి, దారి పొడుగునా ప్రాణం నిలుపుకోవడం ఈ రెండు ప్రాణుల జీవన సూత్రం. ఆ దారిలో ఏ ఒక్క చోటు చెడినా మిగిలిన చోట్లన్నీ బాగుండి లాభం లేదు. రచయిత్రి పట్టుకున్న సాధారణ ధర్మం ఇది.

దారి తెలియడం దగ్గర మాత్రం రెండూ విడిపోతాయి. తిమింగలం పిల్ల మొదటిసారి ఉత్తరానికి వెళ్ళేది తల్లి పక్కన ఈదుతూ. ఆ తరవాత దశాబ్దాల పాటు అదే దేహం అదే తీరం వెంట వెళ్ళి వస్తుంది. మోనార్క్‌కు దారి చూపే తల్లి లేదు. వేసవిలో పుట్టిన సీతాకోకచిలుక కొద్ది వారాలే బతుకుతుంది. వేసవి చివర పుట్టిన తరం మాత్రం ఎనిమిది నెలల దాకా బతికి, తానెన్నడూ చూడని, తన తల్లిదండ్రులు కూడా చూడని కొండకు వెళ్తుంది. మార్చిలో తిరుగుముఖం పట్టి, టెక్సాస్ పరిసరాల్లో గుడ్లు పెట్టి కన్ను మూస్తుంది. కెనడా చేరేది దాని బిడ్డలో, మనవలో, మునిమనవలో. సూర్యుడి స్థానాన్ని బట్టి దిక్కు తెలుసుకునే నేర్పు వాటి పుట్టుకలోనే ఉంది. పొద్దు జరిగేకొద్దీ ఆ దిక్కును సవరించే గడియారం వాటి మీసాల్లో ఉందని స్టీవెన్ రెపర్ట్ బృందం 2009లో చూపించింది. ఒక ప్రయాణాన్ని ఒక జీవి గుర్తుపెట్టుకుంటుంది, మరొక ప్రయాణాన్ని ఒక వంశం గుర్తుపెట్టుకుంటుంది. తరాల బాధ్యత గురించి ఎన్నో వింటూ పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ అధ్యాయం మనసుకు తగులుతుంది.

రెండో భాగం మనిషి చరిత్ర. 1857-58 శీతకాలంలో చార్లెస్ స్కామన్ అనే నౌకాధిపతి ఓహో దె లియేబ్రె మడుగులోకి తోవ కనిపెట్టాడు. ఆ తోవన వచ్చిన వేట పడవలు పురిటి తిమింగలాలను కొట్టాయి. పిల్లను కాపాడుకోవడానికి తల్లి పడవల మీద తిరగబడితే దాన్ని దెయ్యపు చేప అన్నారు. కొన్నేళ్ళలోనే ఆ మడుగు వట్టిపోయింది. తిమింగలాల గురించి 1874లో వివరంగా గ్రంథం రాసిన వాడు కూడా ఆ స్కామనే. ఒకే మనిషి చేత వేటగాడి పనీ, పరిశీలకుడి పనీ చేయించిన ఆ కాలాన్ని రచయిత్రి కోపం లేకుండా, కప్పిపుచ్చకుండా చెప్పింది. 1937లోనూ 1946లోనూ కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాలు బూడిద తిమింగలాల వ్యాపార వేటను ఆపాయి. 1972లో మెక్సికో ఓహో దె లియేబ్రెను తిమింగలాల ఆశ్రయంగా ప్రకటించింది. అదే ఏడాది సాన్ ఇగ్నాసియోలో ఫ్రాన్సిస్కో మయోరల్ అనే జాలరి పడవ పక్కకు ఒక తిమింగలం వచ్చి నిలిచింది, ఆయన చెయ్యి చాచి దాన్ని తాకాడు. తరతరాలుగా జాలరులు భయపడి దూరం పెట్టిన ప్రాణి అది. 1994 నాటికి తూర్పు పసిఫిక్ బూడిద తిమింగలాలను అమెరికా తన ప్రమాద జాబితా నుంచి తీసివేయగలిగింది. చంపడం మానేస్తే ఒక జాతి తేరుకుంటుందని లోకానికి చూపించిన కథ ఇది.

మోనార్క్ కథకు ఈ నమూనా సరిపోదు. దాన్ని ఎవరూ వేటాడలేదు. కెనడాలో ఫ్రెడ్ అర్కార్ట్, నోరా అర్కార్ట్ దంపతులు ఏళ్ళ తరబడి రెక్కలకు చిన్న చీటీలు అంటించి, వేలాది మంది స్వచ్ఛంద సేవకుల సాయంతో దాని దారి వెతికారు. వారి కోసం తిరుగుతున్న కెన్ బ్రగర్, కటాలీనా అగ్వాదో 1975 జనవరి 2న సెర్రో పెలోన్ కొండ మీద ఆ విడిది చూశారు. కొండ ఊళ్ళ రైతులకు అది ఎప్పటినుంచో తెలిసిన చోటేనని రచయిత్రి మర్చిపోకుండా రాసింది. 1986లో మెక్సికో ఆ అడవులకు రక్షణ కల్పించింది, 2000లో దాన్ని విస్తరించింది. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇంత చేసినా సీతాకోకచిలుక తరిగిపోతూనే ఉంది. కారణం కొండల్లో సగమే ఉంది, మిగతా సగం వేల కిలోమీటర్ల దూరాన చేలల్లో ఉంది. మోనార్క్ గొంగళిపురుగు తినేది మిల్క్‌వీడ్ జాతి మొక్కలనే, వేరే ఆకు ముట్టదు. 1990ల మధ్య నుంచి కలుపు మందును తట్టుకునే సోయా, మొక్కజొన్న వంగడాలు వచ్చాయి. చేనంతా మందు కొట్టినా పైరు చావదు, నడుమ ఉన్న మిల్క్‌వీడ్ చస్తుంది. 1999 నుంచి 2010 లోగా అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఈ మొక్కలు 58 శాతం తగ్గాయని ఒక అధ్యయనం అంచనా కట్టింది. సీతాకోకచిలుక మీద ఎవరికీ పగ లేదు. అది గుడ్డు పెట్టడానికి ఆకు లేకుండా పోయింది, అంతే.

తూకం గురించిన అధ్యాయాన్ని పాఠకులు నిదానంగా చదవాలని నా కోరిక. మెక్సికో కొండల్లో మోనార్క్‌లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం అసాధ్యం, అవి కమ్ముకున్న అడవి విస్తీర్ణాన్ని కొలుస్తారు. 1996-97 శీతకాలంలో అది 18.19 హెక్టార్లు. 2013-14లో 0.67. 2024-25లో 1.79. హెక్టారుకు రెండు కోట్ల పది లక్షలన్న అంచనాతో రచయిత్రి ఈ అంకెలను బరువులోకి మార్చింది. 1996-97లో ఆ కొండల మీద వాలిన సీతాకోకచిలుకలన్నీ కలిసి ఆరు తిమింగలాలంత తూగేవి. 2024-25లో వాలినవన్నీ కలిసినా ఒక్క తిమింగలానికి సరిపోవు. మొదటి పుటలో సరదాగా కనబడిన తూకం ఇక్కడికి వచ్చేసరికి గుండెను బరువెక్కిస్తుంది.

పుస్తకంలోని అసలు వాదన దీని తరవాత వస్తుంది. చంపకపోవడం వేరు, బతకనివ్వడం వేరు. మొదటిదానికి చట్టం చాలు. రెండోదానికి చేను, అడవి, నీరు, మంచు అన్నీ కుదురుగా ఉండాలి. తిమింగలాన్ని మొదటి దారిలో కాపాడామని మనం నిశ్చింతగా ఉన్నాం. కానీ 2016 ప్రాంతంలో ఇరవై ఏడు వేలుగా ఉన్న తూర్పు పసిఫిక్ బూడిద తిమింగలాలు 2025 లెక్కకు సుమారు పదమూడు వేలకు వచ్చాయి. 2019 నుంచి 2023 వరకు మెక్సికో మొదలు అలాస్కా దాకా తీరాలకు కొట్టుకొచ్చిన కళేబరాలు 690. వాటిలో ఎన్నో బక్కచిక్కి ఉన్నాయి. ఉత్తర సముద్రాల్లో మంచు కింద పెరిగే నాచు అడుగుకు రాలితే దాన్ని తిని యాంఫిపాడ్లు పెరుగుతాయి, వాటిని తిని తిమింగలం పెరుగుతుంది. సముద్రం వేడెక్కి మంచు తగ్గుతున్నకొద్దీ ఈ గొలుసు సడలుతోంది. వ్యాపారం కోసం ఈటె విసిరేవాడు లేడు, అయినా తిమింగలం ఆకలితో చస్తోంది. సీతాకోకచిలుక పాతికేళ్ళుగా చెబుతున్న పాఠాన్ని ఇప్పుడు తిమింగలం చెబుతోంది. ఈ రెండింటినీ కలిపి చదవకపోతే ఈ సంగతి ఇంత తేటగా కనబడదు. పోలిక నిలిచింది అని నేను నమ్మినది ఈ చోటే.

రచయిత్రి నేర్పు నిండుగా పండిన అధ్యాయం కాలిఫోర్నియాలోని మాంటెరే తీరం గురించినది. ఆ తీరాన పసిఫిక్ గ్రోవ్ చెట్లలో, మెక్సికో కొండలకు వెళ్ళే గుంపు కాక వేరైన పడమటి మోనార్క్‌లు శీతకాలం గడుపుతాయి. అదే రోజుల్లో తీరానికి చేరువగా బూడిద తిమింగలాలు దక్షిణానికి సాగుతుంటాయి. చెట్ల కింద స్వచ్ఛంద సేవకులు సీతాకోకచిలుకలను లెక్కపెడతారు, కాస్త దక్షిణాన గ్రానైట్ కాన్యన్ దగ్గర కొండ అంచున శాస్త్రవేత్తలు తిమింగలాల ఊపిరి చిమ్మును చూసి లెక్కపెడతారు. 2020లో పడమటి మోనార్క్‌లు మొత్తం కలిపి రెండు వేలు కూడా లేవు. మరుసటి ఏడు రెండు లక్షలు దాటాయి. 2024లో మళ్ళీ తొమ్మిది వేల చిల్లరకు పడ్డాయి. 2025 వసంతంలో ఉత్తరానికి వెళ్తూ కాలిఫోర్నియా తీరం దాటిన తిమింగలం పిల్లలు సుమారు 85 మాత్రమేనని అంచనా. ఒకే తీరాన ఒకే శ్రద్ధతో సాగే ఈ రెండు లెక్కల మధ్య నిలబడి రచయిత్రి చేసిన ఆలోచన ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చింది.

ఈ రెండు ప్రాణులను ఒకే మనసుతో ప్రేమించిన మనిషి ఒకరు నిజంగా ఉన్నారు. ఆయన మెక్సికో కవి ఒమెరో అరిద్జిస్. 1940లో మిచోఆకాన్‌లోని కొంతెపెక్ ఊళ్ళో పుట్టారు. ఊరి వెనక ఆల్తమిరానో కొండ మీదికి ఏటా మోనార్క్‌లు వచ్చేవి. 1985లో రచయితలనూ కళాకారులనూ కూడగట్టి వందమంది బృందాన్ని స్థాపించారు. మోనార్క్ అడవుల రక్షణ కోసం ఆ బృందం గట్టిగా నిలబడింది. తరవాత సాన్ ఇగ్నాసియో మడుగు ఒడ్డున పెద్ద ఎత్తున ఉప్పుమడులు కట్టాలని మెక్సికో ప్రభుత్వానికీ మిత్సుబిషికీ భాగస్వామ్యం ఉన్న సంస్థ తలపెట్టినప్పుడు, 1995 నుంచి అరిద్జిస్ దాన్ని ఎదిరించి రాశారు. దేశదేశాల నుంచి జనం గొంతు కలిపారు. 2000 మార్చిలో అధ్యక్షుడు ఎర్నెస్తో సెదియో ఆ పథకాన్ని విరమించారు. కొండ మీది సీతాకోకచిలుక కోసం, మడుగులోని తిమింగలం కోసం ఒక కవి కలం పట్టి గెలిచిన ఈ కథ మన రచయితలందరూ చదవదగ్గది.

రచయిత్రి తెలుగు గురించి ఒక మాట. వాక్యం పొడుగు తక్కువ, బరువు ఎక్కువ. సాంకేతిక పదం తప్పనిసరైన చోట దాన్ని వాడి, ఆ వెంటనే పని ఎలా జరుగుతుందో చెబుతుంది, కాబట్టి పదో తరగతి పిల్లలు కూడా తడుముకోకుండా చదవగలరు. నాకు కొరతగా తోచినది ఒక్కటే. మోనార్క్ అడవుల్లో బతికే రైతుల గురించి ఇంకా విస్తారంగా రాయవలసింది. కట్టె కొట్టి బతికిన వాళ్ళను కొట్టవద్దన్నప్పుడు వాళ్ళ పొయ్యి ఎలా వెలగాలన్న ప్రశ్న చిన్నది కాదు. ఒకప్పుడు చెట్లు కొట్టి, తరవాత ఎల్ రొసారియో విడిదికి నిర్వాహకుడిగా మారిన ఒమెరో గోమెస్ గొన్సాలెస్ 2020 జనవరిలో కనబడకుండా పోయి, బావిలో శవమై తేలాడు. ఆయన గురించి ఒక పూర్తి అధ్యాయం రెండో ముద్రణలో చేరాలి. అది రాసే శక్తి ఈమెకు ఉందని ఈ పుస్తకమే సాక్ష్యం.

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అనుకునేవారికి చివరి అధ్యాయం సమాధానం చెబుతుంది. మిల్క్‌వీడ్ కుటుంబానికి చెందినదే మన జిల్లేడు. రథసప్తమినాడు తలమీద పెట్టుకుని స్నానం చేసే ఆకు, వినాయకుడి పత్రిలో ఉండే ఆకు. దాని మీద నలుపు, పసుపు, తెలుపు పట్టీలతో కనబడే పురుగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక బిడ్డ. అది మోనార్క్‌తో ఒకే ప్రజాతికి చెందినది. చేల గట్ల మీద కలుపు మందు కొట్టే ముందు రైతు ఒక్క క్షణం ఆలోచించాలని రచయిత్రి అడిగింది. ఆ కోరిక న్యాయమైనది. కూలీలు దొరకని రోజుల్లో రైతు కష్టం ఏమిటో ఆమెకు తెలుసు, అందుకే చేను జోలికి పోకుండా గట్టు వరకే అడిగింది.

ఈ పుస్తకం ప్రతి పాఠశాల గ్రంథాలయంలో ఉండాలి. జీవశాస్త్రం ఉపాధ్యాయులు దీన్ని పిల్లలచేత బిగ్గరగా చదివించాలి. రచయిత్రికి ఈ వృద్ధ గురువు ఇచ్చే తరవాతి పని ఇది: శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గురించీ, తూర్పు కనుమలకూ పడమటి కనుమలకూ మధ్య గుంపులుగా సాగే మన సీతాకోకచిలుకల గురించీ ఇదే శ్రద్ధతో రాయి. దూరపు తీరాన నేర్చుకున్న లెక్క మన తీరాన అక్కరకు రావాలి. నీ ప్రశ్నలు ఎన్నటికీ తరగకూడదని, నీ కలానికి అలుపు రాకూడదని మనసారా ఆశీర్వదిస్తున్నాను.